సవరణ: దేశంలో మొదటి ఆక్వేరియం బొంబాయిది కాదు

బొంబాయికి పనికి పోయిన మన పాలమూరోళ్లు సెలవు రోజున చూసే జాగాల గురించి పోయిన వారం ఒక పోస్టు పెట్టాను. మెరీన్ డ్రైవ్ మీది తారాపోర్‌వాలా ఆక్వేరియమే దేశంలో మొట్టమొదటిదని అందులో రాశాను. అది తప్పు.

తారాపోర్‌వాలా మొదలైంది 1951లో, బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా. అంతకు 42 ఏళ్ల ముందే, 1909లో, మద్రాసు మెరీనా బీచ్‌లో ఒకటి తెరిచారు. మద్రాసు చరిత్ర మీద పత్రికల్లో వచ్చిన వ్యాసాల్లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. చెన్నైలో ఉండే మా ఊరి అన్న ఒకాయన చెప్తే వెతికి చూశాను.

దాన్ని పెట్టించింది మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్. దక్షిణాది కులాలు, తెగల మీద సంపుటాలు తెచ్చిన ఆయనే. ఎక్కడెక్కడి రంగు చేపలో కాదు, ఆ తీరంలో దొరికే చేపలనే అద్దాల తొట్లలో ఉంచారు. ఎదురుగానే సముద్రం కాబట్టి ఉప్పునీళ్లకు తిప్పలు లేవు. అదే మహబూబ్‌నగర్‌లో పెట్టాలంటే ముందు నీళ్లకే ట్యాంకర్ తెప్పించుకోవాలి! తర్వాత అది మత్స్యశాఖ చేతికి పోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో మూసేశారు.

ఇంకో మాట. తారాపోర్‌వాలాకు ఆ పేరు ఒక పార్సీ దాతది; పాత పోస్టు చదివి ఆయన ఒక్కడే దాన్ని కట్టించాడని కొందరు అనుకున్నారు. మొత్తం ఖర్చు సుమారు 8 లక్షలు, ఆయన ఇచ్చింది 2 లక్షలు. పాత పోస్టులో ఆ రెండు లైన్లూ మార్చాను.