రంగుల వ్యాగన్లు, దాచిన రాయితీలు

గూడ్సు వ్యాగన్ల పక్కలను ప్రకటనలకు అద్దెకిస్తే రైల్వేలకు పైసా ఖర్చు లేకుండా ఆదాయం వస్తుందన్న వాదన వినడానికి ఇంపుగానే ఉంటుంది. అమెరికాలో దాదాపు అర్ధ శతాబ్దం పాటు వ్యాగన్ల మీద ఇలాంటి ప్రకటనలు ఊరూరా తిరిగాయి. 1934 జులైలో అక్కడి రైలు చార్జీలను నియంత్రించే అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ వాటికి అడ్డుకట్ట వేసింది. బొమ్మల మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ రంగుల చాటున కొందరు సరుకుదారులకు చట్టం ఒప్పుకోని రాయితీ ముడుతోందని లెక్కల్లో తేలింది. ఆ నిర్ణయం సరైనదేనని మా అభిప్రాయం. టికెట్టేతర ఆదాయం కోసం మన రైల్వేలు దారులు వెతుకుతున్న ఈ రోజుల్లో దాని వెనక ఉన్న లెక్క మనకూ తెలిసి ఉండాలి.

మొదట్లో వ్యాగను రంగే ప్రకటన. 1860లలో అమెరికాలో ఒక కంపెనీ లైను ముగిసిన చోట సరుకు దించి మరో కంపెనీ బండికి ఎక్కించాల్సిన పరిస్థితి చాలాచోట్ల ఉండేది. ఆ తిప్పలు తప్పించడానికి కొన్ని రైలు కంపెనీలు కలిసి ఉమ్మడి వ్యాగన్ల సంస్థలు పెట్టుకున్నాయి. వాటి పేర్లే రెడ్ లైన్, వైట్ లైన్, బ్లూ లైన్. దూరం నుంచి రంగు చూసి ఇది ఫలానా వారి బండి అని స్టేషను గుమాస్తా గుర్తుపట్టేవాడు.

వ్యాగను పక్కన సరుకు పేరు ఎక్కడానికి కారణం మాంసం వ్యాపారం. షికాగో నుంచి తూర్పు నగరాలకు పశువులను ప్రాణాలతో తోలితే, మోసిన బరువులో సగానికి దగ్గరగా తినడానికి పనికిరాని భాగమే. దారిలో మేత, నీళ్లు, చనిపోయిన పశువుల నష్టం అదనం. కోసిన మాంసాన్ని చల్లగా పంపితే ఇదంతా మిగులుతుంది. తొలినాటి ఐసు వ్యాగన్లలో కళేబరాలను పైకప్పుకు వేలాడదీసేవారు. మలుపుల్లో అవన్నీ ఒకేసారి ఒక పక్కకు ఊగి బండి పట్టాలు తప్పేది. షికాగో మాంసం వ్యాపారి గస్టావస్ స్విఫ్ట్ 1878లో ఆండ్రూ చేజ్ అనే ఇంజినీరు చేత కొత్త నమూనా గీయించాడు. ఐసు పైభాగంలో ఉంటుంది, చల్లగాలి బరువుకు తనంతట తానే కిందికి దిగుతుంది, మాంసం కదలకుండా కింద దట్టంగా సర్ది ఉంటుంది.

రైలు కంపెనీలు ఈ వ్యాగన్లను కొనడానికి ముందుకు రాలేదు. పశువుల వ్యాగన్ల మీద, దొడ్ల మీద అవి అప్పటికే పెట్టుబడి పెట్టి ఉన్నాయి, పశువుల రవాణా పోతే ఆ పెట్టుబడి మునుగుతుంది. పశువుల రవాణా పెద్దగా లేని గ్రాండ్ ట్రంక్ రైల్వే మాత్రం స్విఫ్ట్ బండ్లు లాగడానికి ఒప్పుకుంది. అలా వ్యాగన్లు సొంతంగా కట్టించుకోవాల్సిన భారం సరుకుదారుల మీద పడింది. బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ కూడా అదే 1878లో సెయింట్ లూయిస్‌లో ఐసు వ్యాగన్ల కంపెనీ పెట్టాడు. తమ డబ్బుతో కట్టించుకున్న బండి మీద తమ పేరు రాసుకున్నందుకు వారిని తప్పుపట్టలేం. పైగా ఆ పేరుకు పని కూడా ఉంది. సొంత గోదాము లేని చిన్న ఊళ్లకు మాంసం కంపెనీలు ఒక వ్యాగను పంపి, స్టేషను స్టేషనుకూ ఆపుతూ కసాయి దుకాణాలకు అక్కడికక్కడే సరుకు దించేవి. అక్కడ దుకాణమూ ఆ వ్యాగనే, దాని బోర్డూ ఆ వ్యాగనే.

ఆ పక్కల మీద ప్రకటన వేయడం చిన్న పని కాదు. మాంసం వ్యాగను 36 అడుగులు, పండ్లూ కూరగాయల వ్యాగను సుమారు 40 అడుగుల పొడవు. బయటి గోడ మూడంగుళాల పైచిలుకు వెడల్పున్న చెక్క పలకలను నిలువుగా, ఒకదాని గాడిలో మరొకటి దూర్చి బిగించినది. మధ్యలో రెండు రెక్కల తలుపు, దాని మీద అడ్డంగా ఇనుప బందులు. ఒక చివర నిచ్చెన, చేతిపిడులు. తలుపుకు ఎడమ పక్క వ్యాగను గుర్తు అక్షరాలు, నంబరు, మోయగల బరువు, ఖాళీ బరువు తప్పనిసరి. మిగిలిన చోటే ప్రకటనకు. అందుకే ఆ కాలపు ఫొటోల్లో తలుపుకు ఒక వైపు కంపెనీ పేరు, మరో వైపు హ్యామో వెన్న డబ్బానో చాక్లెట్టో కనిపిస్తుంది. అవిసె నూనెలో కలిపిన రంగు ఆరడానికి సమయం పడుతుంది. నాలుగు రంగుల చిహ్నమైతే నాలుగు అచ్చురేకులు, ఒక్కో రంగుకూ విడిగా ఆరబెట్టడం. పక్కలు పసుపు, నారింజ, తెలుపు. కప్పూ రెండు చివరలూ మాత్రం మట్టి ఎరుపు, ఎందుకంటే ఇంజను మసి అక్కడ పడుతుంది, చూసేవారి కళ్లు అక్కడ పడవు.

ఆ అందం ఎన్నాళ్లు నిలిచేదన్నది వేరే సంగతి. మాంసం వ్యాగన్లలో చలి పెంచడానికి చితక్కొట్టిన ఐసులో ఉప్పు కలిపేవారు. రెండు చివర్ల కప్పు మీద ఉన్న మూతలు తెరిచి ఐసు, ఉప్పు పోసేటప్పుడు ఒలికిన ఉప్పునీరు పక్కల మీదుగా చారలు కట్టేది. లోపలి తేమ పలకల సందుల్లో చేరి రంగును వెనక నుంచి పొక్కించేది. బొగ్గు పొగలోని గంధకం సీసపు తెల్లరంగును నల్లబరిచేది. దారిలో ఎక్కడో పలక విరిగితే ఆ ఊరి షెడ్డువారు కొత్త పలక వేసి చేతికందిన రంగు పూస్తే, కంపెనీ పేరులో ఒక అక్షరం మధ్యలో తెగిపోయేది. మళ్లీ మళ్లీ రంగు వేయించక తప్పదు, ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించక తప్పదు.

ఆ భారం ఎవరి నెత్తిన పడిందో తెలియాలంటే అద్దె వ్యాపారం అర్థం కావాలి. 1920ల నాటికి పెద్ద మాంసం కంపెనీలకు సొంత వ్యాగన్లున్నా, చిన్న వెన్న కంపెనీ, మిఠాయి కంపెనీ, గుడ్ల వ్యాపారి పది ఇరవై వ్యాగన్లు అద్దెకు తీసుకునేవారు. అద్దెకిచ్చే సంస్థల మధ్య పోటీ ఎక్కువ. ‘మా దగ్గర తీసుకోండి, మీ పేరూ బొమ్మా వేయించి ఇస్తాం’ అన్నది వాటి ఎర. మరోపక్క ప్రైవేటు వ్యాగను తమ లైను మీద నడిచినందుకు రైలు కంపెనీలు మైలుకు ఇన్ని సెంట్లని యజమానికి చెల్లించాలి. సరుకుతో వెళ్లినా, ఖాళీగా తిరిగొచ్చినా ఆ డబ్బు ఇవ్వాల్సిందే.

లెక్క సులభంగా తెలియడానికి కొన్ని అంకెలు అనుకుందాం. నెల అద్దె 40 డాలర్లు, మైలుకు 2 సెంట్లు. వ్యాగను రోజుకు 100 మైళ్ల చొప్పున నెలకు 3,000 మైళ్లు తిరిగితే 60 డాలర్లు వస్తుంది. అద్దె సంస్థ ఆ 60ని సరుకుదారు ఖాతాకు జమకట్టి, అద్దె 40 మినహాయించుకుని, మిగిలిన 20 అతని చేతికిస్తుంది. అంటే సరుకుదారుకు వ్యాగను ఉచితం, ప్రకటన ఉచితం, పైగా 20 డాలర్ల లాభం. అదంతా రైలు కంపెనీ సొమ్ము. పక్క ఊళ్లో మామూలు రైల్వే వ్యాగనులో సరుకు పంపే చిన్న వ్యాపారి మాత్రం చార్జీ పూర్తిగా కడతాడు. ప్రకటించిన చార్జీలో ఎవరికీ చాటుగా తగ్గింపు ఇవ్వకూడదని 1903 నాటి ఎల్కిన్స్ చట్టం చెప్పింది. అదే తగ్గింపు ఇక్కడ అద్దె రసీదు రూపంలో అందుతోంది.

ఇంతకంటే పెద్ద నష్టం తిరుగు ప్రయాణంలో ఉంది. ఒక వెన్న కంపెనీ పేరు నిలువెత్తు అక్షరాలతో రాసి ఉన్న వ్యాగను బోస్టన్‌లో ఖాళీ అయింది. అక్కడి నుంచి పడమటికి సరుకు పంపాల్సిన మరో వెన్న వ్యాపారి దాన్ని ముట్టుకోడు. తన సరుకును పోటీదారు జెండా కింద ఎవరు పంపుతారు? కాబట్టి వ్యాగను ఖాళీగా వెనక్కి వస్తుంది, రైల్వే దాన్ని ఉత్తపుణ్యానికి లాగుతుంది, లాగినందుకు మైలుకింత అని తిరిగి తనే చెల్లిస్తుంది. ఆర్థిక మాంద్యంలో సరుకు తగ్గి రైలు కంపెనీలు దివాలా అంచున ఉన్నప్పుడు ఈ ఖాళీ మైళ్ల భారం భరించరానిదైంది.

1934 నిర్ణయం ఈ రెండింటినీ పట్టుకుంది. అద్దె తీరాక మిగిలే మైలు డబ్బు సరుకుదారుకు చేరితే అది రాయితీయే. సరుకుదారును, అతని సరుకును చాటే వ్యాగనును రైల్వేలు నిరాకరించవచ్చు. అప్పటికే తిరుగుతున్న బండ్లకు గడువు ఇచ్చారు. 1937 జనవరి నుంచి అలాంటి వ్యాగన్లను ఒక రైల్వే నుంచి మరో రైల్వే తీసుకోవడం ఆగిపోయింది. అద్దె సంస్థలు కూడా జాగ్రత్తపడ్డాయి. జనరల్ అమెరికన్ అనే పెద్ద సంస్థ, కొబ్బరినూనె వ్యాపారంలో ఉన్న ఎల్ డొరాడో కంపెనీకి ట్యాంకు వ్యాగన్లు అద్దెకిచ్చి, తీర్పు రాగానే మిగులు సొమ్ము ఇవ్వడం మానేసింది. ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిందేనని ఎల్ డొరాడో కోర్టుకెక్కింది. 1940లో సుప్రీంకోర్టు, ఇలాంటి చెల్లింపు సబబో కాదో ముందు తేల్చాల్సింది కమిషనేనని చెప్పింది.

బొమ్మ రైళ్లు సేకరించేవారికి ఈ రంగుల వ్యాగన్లంటే ప్రాణం. ఆ ఇష్టాన్ని మేము గౌరవిస్తాం. కానీ వారి బల్లల మీద చూసి ఆనాటి గూడ్సు బండ్లన్నీ అలాగే ఉండేవనుకుంటే పొరపాటు. ఐసు వ్యాగన్లలో ఎక్కువ భాగం పసుపు, నారింజ రంగు పూసి, యజమాని గుర్తు మాత్రమే వేసుకున్న సాదా బండ్లే.

నిషేధం తర్వాత వ్యాగను పక్కలు మూగబోలేదు. రైల్వేలు తమ సొంత సేవలను చాటుకున్నాయి. శాంటా ఫే రైల్వే 1940 నుంచి పెట్టె వ్యాగన్లకు ఒక పక్క తన లైన్ల పటం, మరో పక్క తన పాసింజరు రైళ్ల పేర్లు వేసింది. బాంగర్ అండ్ అరూస్టుక్ రైల్వే 1950లలో నీలం, తెలుపు, ఎరుపు పట్టీల మీద మెయిన్ రాష్ట్ర ఉత్పత్తులని రాయించింది. అందులో ఏ ఒక్క వ్యాపారికీ ప్రత్యేక లాభం లేదు, ఆ రాష్ట్రపు బంగాళాదుంప ఎవరు పండించినా వ్యాగను వారిదే. 1974లో మొదలైన రైల్‌బాక్స్ ఉమ్మడి వ్యాగన్లైతే పసుపు పక్కల మీద, తర్వాతి సరుకు ఏ రైల్వేదైనా సరేనని అర్థమిచ్చే నినాదం వేసుకుని తిరిగాయి. ఎవరైనా నింపుకోండని పిలిచే ఆ ప్రకటనలో, నిషేధానికి ముందు కాలపు ప్రకటనల తప్పు సరిగ్గా తలకిందులైంది. గూడ్సు వ్యాగను ప్రకటనలన్నిటిలో మాకు నచ్చినది అదే.

ఇక మన సంగతి. 2017 జనవరిలో రైల్వే శాఖ టికెట్టేతర ఆదాయ విధానాలు ప్రకటించి, రైళ్లకు వినైల్ తొడుగు ప్రకటనలకు దారి తెరిచింది. పాసింజరు పెట్టెల మీద దానికి మాకు పెద్ద అభ్యంతరం లేదు. వ్యాగను విషయంలో మాత్రం ముందు అడగాల్సింది అది తిరుగు దారిలో ఏం మోస్తుందన్నదే. తాండూరులో సిమెంటు బస్తాలు నింపుకున్న బీసీఎన్ (కప్పు ఉన్న) వ్యాగను మరునాడు మరెక్కడో ఎరువులు, ఆపైన బియ్యం నింపుకుంటుంది. దాని మీద ఒక సిమెంటు కంపెనీ పేరు వేస్తే మరో సిమెంటు కంపెనీ గుమ్మంలో ఆ రేకు (వ్యాగన్ల వరస) వివాదమే. సింగరేణి బొగ్గు మోసే బాక్స్ఎన్ (కప్పు లేని) వ్యాగనుకు అసలు తొడుగే నిలవదు. టిప్లరు యంత్రం దాన్ని బిగించి బోర్లించి కుమ్మరిస్తుంది, నింపేటప్పుడు బొగ్గు పెళ్లలు గోడలను బాదుతాయి. రేణిగుంట నుంచి ఢిల్లీకి 2020 మార్చిలో మొదలైన దూద్ దురంతో లాంటి పాల ట్యాంకర్ల సంగతి వేరు. పాలు తప్ప మరేదీ మోయవు, ఎలాగూ ఖాళీగానే తిరిగొస్తాయి. వాటి మీద పాల సంస్థ పేరు ఉంటే ఎవరి సరుకూ ఆగదు.

అందుకే ప్రకటనలు ఒకే సరుకుకు కేటాయించిన వ్యాగన్లకే పరిమితం కావాలని మేము కోరుతున్నాం. ఉమ్మడిగా తిరిగే వ్యాగన్లను వదిలేయాలి. పదకొండు అంకెల నంబరు, ఖాళీ బరువు, మోయగల బరువు, పీఓహెచ్ (నిర్ణీత కాలపు పూర్తి మరమ్మతు) తేదీ, తిరుగు తేదీ (మళ్లీ మరమ్మతుకు రావాల్సిన తేదీ) ఉన్న చోటు మీదికి తొడుగు అంగుళం కూడా రాకూడదు. యార్డులో బండ్లను తనిఖీ చేసే టీఎక్స్ఆర్ సిబ్బంది రాత్రిపూట టార్చి వెలుగులో చదవాల్సినవి అవే. ప్రకటన రుసుము కట్టిన సరుకుదారుకే రవాణా చార్జీలో తగ్గింపు, డెమరేజీ (వ్యాగను ఆలస్యంగా వదిలితే పడే రుసుము) మాఫీ, రేకు కేటాయింపులో ముందు వరస ఏవైనా దక్కితే, అవి ఎవరికెంత దక్కాయో ఏటా పేర్లతో సహా బయటపెట్టాలి. గడువు తీరాక తొడుగు తీసి జిగురు కడిగి మళ్లీ రంగు వేసే ఖర్చును ఒప్పందం రోజే డిపాజిట్టుగా తీసుకోవాలి.