ఏ జేబులోంచి ఏ జేబులోకి?

‘పేటెంట్ మందుల ధరల మీద ఏడుపు మానండి’ అనే ఐదు పాయింట్ల సందేశం ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. ఈసారి పంపింది మా బావగారు. ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను.

మొదటి పాయింటు ప్రకారం, 2012లో కాలేయ క్యాన్సర్ మందు నెక్సవార్ విషయంలో ప్రభుత్వం జర్మన్ కంపెనీ బేయర్ పేటెంట్‌ను, అంటే ఆ మందును తానొక్కటే అమ్ముకునే హక్కును, ఉచితంగా లాక్కుని హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకు కట్టబెట్టిందట. ఉచితం కాదు. నాట్కో కూడా ఆ మందు చేసి అమ్ముకోవచ్చని అనుమతిచ్చి, అమ్మకాలపై 6 శాతం రాయల్టీ బేయర్‌కు కట్టమన్నారు, తర్వాత 7 చేశారు. పేటెంటూ రద్దు కాలేదు.

‘గుత్తాధిపతి ఎంత ధరైనా పెట్టుకోవచ్చు.’ పెట్టుకోవచ్చు, కొనేవాళ్లు ఉంటే.

‘ప్రాణం మీదికొస్తే ఇల్లమ్మి అయినా కొంటారు, గిరాకీ తగ్గదు.’ అమ్మడానికి ముందు ఇల్లుండాలి కదా! అయినా గిరాకీ తగ్గనంతకాలం ధర పెంచకుండా ఊరుకునే గుత్తాధిపతి ఎక్కడైనా ఉంటాడా? రాబడి పెరుగుతుంటే పెంచుతూనే పోతాడు. కొనేవాళ్లు బాగా జారిపోతున్నప్పుడే ఆగుతాడు. అర్థశాస్త్రంలో డిమాండ్ వ్యాకోచత్వం అంటే ఆ జారుడి కొలతే. అప్పట్లో నెక్సవార్ నెల మందు ధర 2,80,000 రూపాయల పైచిలుకు ఉండేది. అవసరమైన రోగుల్లో రెండు శాతాన్ని కాస్త మించి మాత్రమే బేయర్ మందు అందిందని పేటెంట్ కంట్రోలర్ ఉత్తర్వులోనే ఉంది.

ఇక నాలుగోది. ‘ధర ఎక్కువైతే డబ్బు ఈ జేబులోంచి ఆ జేబులోకి పోతుంది, అంతే. మొత్తంమీద నష్టం లేదు.’ నా ఓపిక నశించింది ఇక్కడే. కొన్నవాడి సంగతి అలాగే అనుకుందాం. కొనలేనివాడి మాటేమిటి? నెల మందు ధర 8,880 రూపాయలు దాటకూడదన్న షరతుకు, ఆపైన రాయల్టీకి కూడా నాట్కో సిద్ధపడింది. అంటే ఆ ధరకే గిట్టుబాటు. నెలకు ఇరవై వేలో యాభై వేలో అప్పు చేసి తేగలిగిన రోగి ఉన్నాడనుకోండి. పాత ధర దగ్గర అతనికి మందు రాలేదు, కంపెనీకి అతని డబ్బూ రాలేదు. ఏ జేబులోంచి ఏ జేబులోకి వెళ్లింది బావగారూ? ఇద్దరికీ కలగాల్సిన మేలు ఎవరికీ దక్కకుండా ఆవిరైపోయింది. ఈ సందేశం రాసిన మహానుభావుడి లెక్కలో మందుల షాపు నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడికి జేబే ఉండదు కాబోలు!

ఐదోది, ‘లాభం లేకపోతే పరిశోధన ఎవరు చేస్తారు?’ దీనికి మాత్రం నా దగ్గర తేలిక జవాబు లేదు. ఆ మందును కనిపెట్టింది నాట్కో కాదు. పేటెంట్ ఆశ లేకపోతే అసలా మాత్రే పుట్టేది కాదేమో. పైగా అప్పటి 8,880 కూడా కూలి చేసుకునేవారికి అందే ధరేమీ కాదు.

బావగారు ఆ ఒక్క పాయింటూ ఉంచి, పైనున్న నాలుగూ తీసేసి పంపితే నేనూ నలుగురికి పంపుతాను.