మెకిన్నీ పాత కోర్టు గారికి విన్నపం

మహారాజశ్రీ టెక్సస్ రాష్ట్రపు మెకిన్నీ ఊరి పాత కోర్టు భవనం గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. మొన్న నాకు జ్యూరీ డ్యూటీ సమన్లు వచ్చాయి. సిటిజన్‌షిప్ చేతికొచ్చాక సర్కారు నన్ను పిలవడం అదే మొదలు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అడ్రసైనా చదవకుండా నేరుగా తమరి గుమ్మానికి వచ్చేశాను. కోర్టంటే ఊరి నడిబొడ్డున, మెట్లూ స్తంభాలతో ఉంటుందని నా వెర్రి నమ్మకం. తీరా చూస్తే తలుపు మీద శనివారం కచేరీ పోస్టరు. అసలు కోర్టు ఊరికి ఉత్తరాన బ్లూమ్‌డేల్ రోడ్డుకు వెళ్లిపోయిందట. అక్కడికి అరగంట ఆలస్యంగా చేరాను. అది ఇన్సూరెన్సు ఆఫీసులా ఉంది.

ఇలా మకాం ఎత్తేయడం మీ కౌంటీకి, అంటే జిల్లాకి, కొత్తేం కాదు. కౌంటీ కేంద్రం మొదట బక్నర్ అనే ఊళ్లో ఉండేది. కౌంటీ నట్టనడుమకు మూడు మైళ్ల లోపు లేదని దాన్ని కాదన్నారు. 1848లో ఓటింగు పెడితే, వాగులు పొంగి పదకొండు మందే రాగలిగారని, అందులో పది ఓట్లు మీ ఊరికే పడ్డాయని ఇక్కడ చెప్పుకుంటారు. వాన వెలిసి ఉంటే తమరెక్కడ ఉండేవారో!

కాలిన్ మెకిన్నీ గారని, 1836లో టెక్సస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన పెద్దాయన. ఆయన పేరు కౌంటీకి పెట్టి, ఇంటిపేరు ఊరికి పెట్టారు. మనిషిని ఇంత పొదుపుగా వాడుకోవడం నేనింకెక్కడా చూడలేదు.

1875లో తమరికి ఫ్రెంచి ఫ్యాషన్‌లో నిటారు వాలుండే మాన్సార్డ్ కప్పు ఉండేది. శాన్ ఆంటోనియోకు ఉత్తరాన అంత ఎత్తు కట్టడం లేదని గొప్పలు కూడా. 1927లో ఆ కప్పు తీయించి, గ్రీకు పోకడ ముఖం తగిలించుకున్నారు. యాభై రెండేళ్ల వయసులో ముఖం మార్పించుకుని, ఆ మీదట కూడా సాక్షుల చేత నిజమే చెబుతామని ప్రమాణం చేయించారే, ఆ ధైర్యానికి దండం.

బయట కాపలాగా విగ్రహమై నిలబడ్డ థ్రాక్‌మార్టన్ గారైనా తక్కువవారా! 1861లో టెక్సస్ అమెరికా నుంచి విడిపోవద్దని ప్రతినిధుల సభలో ఓటేసిన ఎనిమిది మందిలో ఒకరు. తర్వాత విడిపోయినవాళ్ల సైన్యంలోనే జనరల్ అయ్యారు. ఓడిపోయాక గవర్నరయ్యారు, ఏడాదికే గెలిచిన అమెరికా సైన్యం ఆయన్ని దింపేసింది. ఏ కక్షిదారొచ్చినా ఆయన ముందు ధైర్యంగా నిలబడొచ్చు.

తమరి కోర్టు హాలు పేరు ఇప్పుడు కోర్ట్‌రూం థియేటర్. వకీళ్లు వెళ్లి నటులొచ్చారు. గొంతుల్లో తేడా ఏమీ ఉండదు, టికెట్టు మాత్రం వకీలు ఫీజు కంటే చౌక. చుట్టూ నాలుగు వీధుల దుకాణాలు అప్పట్లాగే తమరి వైపే తిరిగి ఉన్నాయి. ఒకప్పుడు పత్తి అమ్ముకున్న రైతులు తిరిగిన చోట ఇప్పుడు కొవ్వొత్తులు, వైన్ సీసాలు కొనుక్కునేవాళ్లం తిరుగుతున్నాం. కోర్టుకని కాకుండా, ఊరికే చూసిపోవడానికి వచ్చేవాళ్లం కనుక అందరం నవ్వుతూనే ఉంటాం.

జ్యూరీకి నన్ను తీసుకోలేదు. సాయంత్రం మళ్లీ వచ్చి తమరి మెట్ల మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. పట్టుబట్టల్లో ఒక కొత్త జంట, వెనక ఫొటోగ్రాఫరు. స్తంభాలకు అడ్డంగా ఉన్నానట, కాస్త పక్కకు జరగమంటున్నాడు.

జరుగుతున్నాను.

ఇట్లు,
తమరికి అక్కర్లేని జ్యూరర్