ఓడ ఉంది, రేవు ఉంది.. మజిలీ ఏది?

యారాడ కొండ పక్క నుంచి తెల్లటి పెద్ద ఓడ హార్బర్‌లోకి తిరిగిన రోజు విశాఖలో ఎవరి ఫోన్‌లో చూసినా ఆ ఫొటోనే ఉంటుంది. 2022 జూన్‌లో విహార ఓడలు నడిపే కంపెనీ కార్డీలియా క్రూయిజెస్ వాళ్ల ఓడ ‘ఎంప్రెస్’ మొదటిసారి వచ్చినప్పుడు ఇదే సందడి. 2025లో మళ్లీ వచ్చినప్పుడూ అంతే. ‘ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య’ అంటారు కదా. విశాఖలో ఓడ కనిపిస్తున్నంత సేపూ మల్లయ్య గొప్పవాడే. అది కొండ దాటిందంటే మళ్లీ ఏడాది దాకా ఆ ఊసెత్తే నాథుడుండడు.

మధ్యలో ఇంకో ముచ్చట కూడా జరిగింది. 2023 సెప్టెంబరు 4న కేంద్ర నౌకాయాన మంత్రి సర్బానంద సోనోవాల్ విశాఖ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను ప్రారంభించారు. దాదాపు 96 కోట్ల రూపాయల ఖర్చు, 2,000 మంది ప్రయాణికులకు సరిపడే భవనం. అప్పటి నుంచీ ఒకటే ఆశ: ఇక కార్డీలియా విశాఖను తన హోమ్ పోర్ట్ చేసుకుంటుందని. నా లెక్కలో ఆ ఆశ సగమే నిజమవుతుంది. ఆ సగం కూడా మనం అనుకుంటున్న దారిలో రాదు.

ముందు హోమ్ పోర్ట్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఓడ పొద్దున వచ్చి, జనం దిగి కురుసుర జలాంతర్గామి చూసి, కైలాసగిరి ఎక్కి, సాయంత్రానికి మళ్లీ ఓడెక్కి వెళ్లిపోతే అది ఆగిన రేవు మాత్రమే. హోమ్ పోర్ట్ అంటే ప్రయాణం మొదలయ్యేదీ ముగిసేదీ అక్కడే. పాత ప్రయాణికులు పెట్టెలతో సహా దిగిపోతారు, అదే రోజు కొత్తవాళ్లు ఎక్కుతారు. బియ్యం, కూరగాయలు, పాలు, మంచినీళ్లు, ఇంధనం అక్కడే నింపుతారు. సిబ్బంది మారేది అక్కడే. ముందు రోజే ఊరికి చేరినవాళ్లు హోటల్లో దిగుతారు, మర్నాడు వెళ్లేవాళ్లు ఇంకో పూట ఉంటారు. ఆగిన రేవులో ఆటోవాలాకు, టీ కొట్టుకు నాలుగు డబ్బులు రావచ్చు. ఊరి వ్యాపారం మారాలంటే మాత్రం హోమ్ పోర్ట్ కావాల్సిందే.

విశాఖకు ఇందులో కొన్ని ఉన్నాయి. ఊళ్లోనే హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉంది. 1933లో తెరిచిన రేవుకు ఓడల పని కొత్త కాదు, ఏడాదికి 8 కోట్ల టన్నులకు పైగా సరుకు దింపి ఎక్కిస్తోంది. హోటళ్లు ఉన్నాయి, రైలు ఉంది. 2022లో ఎంప్రెస్ వచ్చినప్పుడు విశాఖలో ఎక్కి పుదుచ్చేరి, చెన్నై మీదుగా మళ్లీ విశాఖలోనే దిగేలా టికెట్లు అమ్మారు కూడా. అంటే కొన్ని వారాల పాటు విశాఖ అనధికారికంగా హోమ్ పోర్టే.

మరి ఎందుకు నిలవలేదు? పటం ముందు పెట్టుకుని చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

మన దేశంలో క్రూయిజ్ ఎక్కేవాళ్లలో ఎక్కువ మంది రెండు, మూడు, నాలుగు రాత్రుల టికెట్టే కొంటారు. సెలవులు అంతకు మించి దొరకవు. అంటే సాయంత్రం బయల్దేరిన ఓడ ఒక రాత్రి నడిస్తే ఉదయానికి చూడదగ్గ ఊరు తగలాలి. ముంబైకి ఆ సుఖం ఉంది, రాత్రికి రాత్రి గోవా. చెన్నైకీ ఉంది. అక్కడి నుంచి శ్రీలంకలోని ట్రింకోమలీ సుమారు 280 నాటికల్ మైళ్లు, పదహారు పదిహేడు గంటల దూరం. 2023 జూన్‌లో కార్డీలియా చెన్నై నుంచి హంబన్‌టోట, ట్రింకోమలీ, కంకేశన్‌తురైలకు ఓడ నడిపిందంటే కారణం ఇదే. పాస్‌పోర్ట్ మీద ఒక ముద్ర పడుతుంది, పిల్లలకు ‘ఫారిన్ వెళ్లొచ్చాం’ అని చెప్పుకోవడానికి ఉంటుంది.

అదే ట్రింకోమలీ విశాఖ నుంచి దాదాపు 560 నాటికల్ మైళ్లు. వెళ్లడానికే రెండు రాత్రులు. ఒక రాత్రిలో విశాఖ నుంచి చేరగలిగింది ఏమిటయ్యా అంటే దక్షిణాన చెన్నై, ఉత్తరాన ఒడిశా తీరం. చెన్నై వెళ్లడానికి విశాఖవాళ్లకు ఓడెందుకు? సాయంత్రం రైలెక్కితే పొద్దున దిగుతారు. పుదుచ్చేరి కాస్త ముచ్చటైన ఊరే గానీ అక్కడ పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు, సముద్రంలో ఆగితే చిన్న పడవల్లో జనాన్ని దింపాలి. పైగా 2022లో పుదుచ్చేరి ఈ ఓడను రానివ్వలేదు, ఓడలో క్యాసినో ఉందన్నది అప్పటి అభ్యంతరం. మూడేళ్ల తర్వాత, 2025 జూలైలో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. విశాఖకు లోటు టెర్మినల్ కాదు, మజిలీ.

రెండో సగం జవాబు క్యాలెండర్‌లో ఉంది. దీని గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం ఇదే అసలు చిక్కుముడి అనిపిస్తుంది.

ఎంప్రెస్ తూర్పు తీరానికి ఎందుకు వస్తుంది? మన మీద ప్రేమతో కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలకు అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, ముంబై–గోవా–లక్షద్వీప్ దారిలో ఓడ నడపడం కష్టం. ఆ నాలుగు నెలలు ఓడను ఖాళీగా కట్టేయలేక ఇటు తెస్తారు. అంటే మనకు వచ్చేది ముంబైకి పనికిరాని నెలల్లో.

ఆ నెలల్లో మన ఇళ్లల్లో పరిస్థితి ఏమిటి? జూన్ 12కు అటు ఆంధ్రాలో, ఇటు తెలంగాణలో బడులు తెరుస్తారు. ఫీజులు కట్టి, పుస్తకాలు, యూనిఫాంలు, బూట్లు కొని జేబు ఖాళీ చేసుకున్న నెలలో నలుగురున్న కుటుంబం ఓడ టికెట్లు కొంటుందా? ఆ వెంటనే ఆషాఢం. పెళ్లిళ్లుండవు, కొత్త జంటల్లో అమ్మాయి పుట్టింట్లో ఉంటుంది, హనీమూన్ బేరం కూడా పోయినట్టే. (ముంబైలో కూర్చుని షెడ్యూల్ వేసేవాళ్లకు ఆషాఢం సంగతి ఎవరైనా చెప్పారో లేదో!) ఇక మన కుటుంబాలు నిజంగా కదిలేది ఎప్పుడంటే సంక్రాంతికి, వేసవి సెలవులకు, దసరాకు. సంక్రాంతికి ఓడ అరేబియా సముద్రంలో ఉంటుంది. ఏప్రిల్, మే కూడా దాదాపు అంతే. దసరాకు ఇక్కడే ఉంచుదామంటే అది తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్లెవరూ అక్టోబరులో ఓడను ఇక్కడ కట్టేయమని సలహా ఇవ్వరు.

కుటుంబాల ఓడ అని పేరు పెట్టుకున్నాక పిల్లలకు సెలవుల్లేని నెలల్లో నడిపితే మిగిలేది కంపెనీల మీటింగులు, వీకెండ్ స్నేహితుల గుంపులు, రిటైరైన దంపతులు. వాళ్లతో కొన్ని ట్రిప్పులు నిండుతాయి. ఏడెనిమిది వందల క్యాబిన్లు వారం వారం నిండాలంటే కష్టం.

ఇలాంటి లెక్క తప్పితే ఏమవుతుందో మన దేశంలో ఒక ఉదాహరణ ఉంది. 2019లో ఎస్సెల్ గ్రూప్ వాళ్ల జలేష్ క్రూయిజెస్ ‘కర్ణిక’ అనే ఓడతో ముంబై నుంచి ఆర్భాటంగా మొదలైంది. ఏడాది తిరిగేసరికి కరోనా, అప్పులు, కోర్టు కేసులు. 2020 చివరికి ఆ ఓడ గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డున తుక్కు కింద తేలింది. ఓడకు రోజువారీ ఖర్చు జనం ఎక్కినా ఎక్కకపోయినా ఒకటే. అందుకే ఏ కంపెనీ కూడా బాగుంటుందేమో అని కొత్త రేవు జోడించదు, నిండుతుందని రూఢి అయితేనే జోడిస్తుంది. 1990లో తయారై, రాయల్ కరీబియన్ చేతుల్లోంచి వచ్చి, 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ నడుస్తున్న ఎంప్రెస్ ఇంత కాలం నిలబడిందంటే కారణం ఈ జాగ్రత్తే.

మరి ఆశ సగమైనా నిజమవుతుందని ఎందుకన్నాను? కార్డీలియా ఇక ఒక్క ఓడ కంపెనీగా ఉండబోవడం లేదు కాబట్టి. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ నుంచి ‘స్కై’, ‘సన్’ అనే రెండు ఓడలను చార్టర్‌కు, అంటే అద్దెకు, తీసుకునేందుకు ఒప్పందం కుదిరింది. ఒప్పందం ప్రకారం మొదటిది 2026లో, రెండోది 2027లో రావాలి. ఒక్కోటి ఎంప్రెస్‌కు ఒకటిన్నర రెట్లు, సుమారు 2,000 మందిని మోస్తాయి. పెద్ద ఓడలు ముంబైలో కుదురుకుంటే చలికాలంలో ఎంప్రెస్‌కు అక్కడ పని తగ్గుతుంది. ఉన్న ఒక్క ఓడను ముంబై వదులుకోదు, మూడింట్లో చిన్నదాన్ని వదలొచ్చు. కంపెనీ ఇలా చేస్తానని చెప్పలేదు, ఇది నా అంచనా. కానీ ఓడలు పెరిగిన కంపెనీ పాత ఓడతోనే కొత్త రేవు రుచి చూడటం సహజం.

జనవరి నుంచి మార్చి దాకా ఎంప్రెస్ తూర్పున ఉందనుకుందాం. తుఫాన్ల బెడద తగ్గిన కాలం, బంగాళాఖాతం సాధువుగా ఉండే కాలం. సంక్రాంతి సెలవులు చేతికొస్తాయి. అప్పుడు విశాఖకు ఒక్క మజిలీ ఉంది, చెన్నైకి దీటుగా నిలబడగలిగే మజిలీ. అండమాన్.

విశాఖవాళ్లకు ఇది కొత్త దారి కాదు. ప్రభుత్వ ప్రయాణికుల ఓడ ఇక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఏళ్ల తరబడి నడిచింది. దాదాపు 56 గంటల ప్రయాణం, బంకుల్లో పడక, ఇంటి నుంచి కట్టుకెళ్లిన పులిహోర, ఊరగాయ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనుల కోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. పోర్ట్ బ్లెయిర్ బజార్లో తెలుగు ఈనాటికీ చెల్లుతుంది. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మనవాళ్ల నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే. అంటే ఈ దారిలో టూరిస్టులు ఒక్కరే కాదు, చుట్టాలింటికి వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ కాస్త ఎక్కువ దూరం, విశాఖ నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు. దూరం విషయంలో విశాఖదే పైచేయి అయిన దారి ఇదొక్కటే.

చిక్కు ఏమిటంటే ఇది రెండు మూడు రాత్రుల బేరం కాదు. వెళ్లడానికి రెండు రాత్రులు, రావడానికి రెండు, అక్కడ కనీసం ఒకటి. ఐదారు రాత్రుల టికెట్ మన మధ్యతరగతి కొంటుందా? విమానం కన్నా ఎక్కువ రోజులు, ఎక్కువ డబ్బు. అయితే ఓడలో తిండి, పడక, పిల్లల ఆటలు అన్నీ టికెట్‌లోనే ఉంటాయి. అమ్మమ్మకు శాకాహారం దొరుకుతుంది, పిల్లలు కొలనులోంచి బయటికి రారు, నాన్న రెండు రోజులు సిగ్నల్ లేకుండా హాయిగా నిద్రపోతాడు. సంక్రాంతికి ఒకటి, వేసవి మొదట్లో ఒకటి, మధ్యలో రెండు మూడు చొప్పున మొదలుపెడితే నిండుతాయనే నా నమ్మకం. ఏడాది పొడవునా అంటే మాత్రం నేను నమ్మను.

పోటీ చెన్నైతోనే అనుకుంటే పొరపాటు. విశాఖ నుంచి సింగపూర్‌కు స్కూట్ విమానం నేరుగా వెళుతుంది, నాలుగైదు గంటల్లో దిగొచ్చు. అక్కడ జెంటింగ్ డ్రీమ్ అనే విహార ఓడ ఉంది, డిస్నీ వాళ్లు కూడా సింగపూర్‌నే హోమ్ పోర్ట్‌గా చేసుకుని ‘డిస్నీ అడ్వెంచర్’ను తెచ్చారు. ఒకసారి డబ్బు పెట్టగలిగిన విశాఖ కుటుంబం మిక్కీ మౌస్ ఉన్న ఓడ వైపు చూస్తుందా, పుదుచ్చేరి వైపు చూస్తుందా? డిస్నీ సింగపూర్‌కు ఊరికే రాలేదు, అక్కడి టూరిజం బోర్డు కనీసం ఐదేళ్ల ఒప్పందం కుదుర్చుకుని తెచ్చుకుంది. మన దగ్గర ఓడొచ్చిన రోజు పూలదండ వేస్తారు, ఐదేళ్ల కాగితం మీద సంతకం పెట్టరు.

రాష్ట్ర ప్రభుత్వం నిజంగా కోరుకుంటే ఆ కాగితం నుంచే మొదలుపెట్టాలి. మూడు చలికాలాలకు ఇన్ని ట్రిప్పులు, నిండని క్యాబిన్లలో కొంత భారం మాది అని రాతపూర్వకంగా చెబితే కంపెనీ కూర్చుని వింటుంది. భోగాపురం విమానాశ్రయం పూర్తిస్థాయిలో నడిస్తే హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు వీలు పెరుగుతుంది, ఎందుకంటే ఈ ఓడ నిండేది విశాఖ జనంతో కాదు, హైదరాబాద్ జనంతో. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము సంగతి కూడా చూడాలి. విశాఖ పాతబస్తీవాళ్లు ఏళ్లుగా దాని గురించి మొత్తుకుంటున్నారు, వాళ్ల కోసం కాకపోయినా తెల్ల ఓడ కోసమైనా ఎవరైనా పట్టించుకుంటారేమో. అరకు పేరు చెప్పి ఊరించడం మాత్రం ఆపాలి. పొద్దున వచ్చి సాయంత్రం పోయే ఓడ నుంచి అరకు వెళ్లి రావడం అయ్యే పని కాదు, ఘాట్ రోడ్డులోనే రోజు గడిచిపోతుంది. ప్రయాణం విశాఖలో మొదలై ముందు రోజే జనం ఊరికి వస్తేనే అరకుకు పర్యాటకులు.

స్కై వచ్చాక కార్డీలియా చలికాలపు షెడ్యూల్ బయటపెడుతుంది. అప్పుడు నేను ముంబై వరస చూడను. జనవరి పేజీకి వెళ్లి, ఎంప్రెస్ పక్కన ఏ రేవు పేరుందో చూస్తాను. అక్కడ విశాఖ లేకపోతే వచ్చే జూన్‌లో మళ్లీ ఫొటోలే.