బగ్ ట్రాకర్ గారికి ఒక విన్నపం

సాఫ్ట్‌వేర్‌లోని తప్పులను, అనగా బగ్గులను, నమోదు చేసుకొను మహారాజశ్రీ బగ్ ట్రాకర్ గారి దివ్య సముఖమునకు,

టెస్టింగ్ టీమ్‌లో ఓ మూల కూర్చునే అల్పప్రాణి చేసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి.

నిన్న మధ్యాహ్నం పేమెంట్ పేజీలో కూపన్ తీసేసినా డిస్కౌంట్ పోవడం లేదని పట్టుకున్నాను. పట్టుకోవడం చిటికెలో పని. దాన్ని తమరికి సమర్పించుకోబోతే పొద్దుగూకింది.

స్టెప్స్ రాశాను, లాగ్ పేస్ట్ చేశాను, స్క్రీన్‌షాట్ పెట్టాను. బగ్ ఎంత తీవ్రమో చెప్పే సివియారిటీ వేరు, ఎంత తొందరో చెప్పే ప్రయారిటీ వేరు అన్న తమరి ద్వైతానికి తలవంచి రెండూ నింపాను. క్రియేట్ నొక్కితే 'ఏ వర్షన్‌లో కనబడింది' అన్న గడి పక్కన ఎర్ర నక్షత్రం వెలిగింది. తప్పనిసరట. సరే, లిస్టు తెరిచాను. ఎప్పుడో రిటైరైన వర్షన్లు, 'టెస్ట్', 'టెస్ట్ కొత్తది', 'వాడొద్దు'... అన్నీ ఉన్నాయి. నా ముందున్న బిల్డ్, అంటే నేను పరీక్షిస్తున్న వర్షన్, తప్ప. టైపు చేయనివ్వరు. చేర్చే హక్కు అడ్మిన్‌దే. అడ్మిన్ గారినడిగితే "టికెట్ పెట్టండి" అన్నారు. ఎక్కడ? తమరి దగ్గరే. ఆ ఫారంలోనూ అదే గడి, అదే నక్షత్రం! పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు.

పోనీ ఆ 'వాడొద్దు'నే వాడేద్దామని తెగించి వెనక్కి వస్తే, సెషన్ అయిపోయిందన్నారు. మళ్లీ లాగిన్ అయ్యాను. స్టెప్స్ లేవు, లాగ్ లేదు, స్క్రీన్‌షాట్ లేదు. ప్రయారిటీ మాత్రం 'మీడియం' అని తమరే నింపి ఉంచారు. ఏం దయండీ!

1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్-2 అనే పాతకాలపు కంప్యూటర్ రిలేలో (స్విచ్చులో) ఇరుక్కున్న రెక్కలపురుగును, అంటే అసలు సిసలు బగ్‌ను, అక్కడివాళ్లు లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారు. పక్కన టైమూ, ఒక వాక్యమూ రాశారు, అంతే. ఆ పుస్తకం ఇప్పటికీ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. నేను రాసింది మీ దగ్గర సాయంత్రం దాకా నిలవలేదు. ఆ రోజు మీరే ఉండి ఉంటే, మీ గడుల్లో పురుగుది ఏ కాంపొనెంటో, ఏ ఎపిక్కో తేలేలోపు దాన్ని చీమలు ఈడ్చుకుపోయేవి.

మీ సెర్చ్ సంగతి ఎత్తను. నేను వెతికితే దొరకని పాత బగ్, కొత్తది పెట్టగానే 'డూప్లికేట్' అనడానికి మాత్రం ఎవరికో ఇట్టే దొరుకుతుంది. లేబుల్ మార్చినందుకో మెయిల్, మళ్లీ వెనక్కి మార్చినందుకింకో మెయిల్.

అసలు నువ్వు ఎవరి కోసమయ్యా ఉన్నావు? బగ్ చూసినవాడి కోసమైతే కాదు. ఆ గడి ఎవరో పెద్దమనిషి ఏదో రిపోర్టు కోసం పెట్టించుకున్నాడు. ఆయన కంపెనీ మారిపోయాడు, ఆ రిపోర్టు ఎవరూ తెరవరు, నువ్వు మాత్రం దాన్ని పట్టుకుని వేలాడుతున్నావు. రాసింది దాచడం కూడా చేతకాదా నీకు? గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపుకునే వాట్సాప్ కూడా సగంలో వదిలేసిన మెసేజ్‌ను డ్రాఫ్టుగా దాచి పెడుతుంది. లైసెన్సుకు ఏటా డబ్బు కట్టించుకునే నీకేం రోగం?

చివరికి బగ్‌ని డెవలపర్‌కి చాట్‌లో పంపాను. పాపం, వెంటనే సరిచేశాడు. "టికెట్ నంబర్ లేకపోతే సరిచేసిన కోడ్ కమిట్ అవదు, అసలు ప్రోగ్రాంలోకి చేరదు అక్కా" అని ఇప్పుడు నా వైపు చూస్తున్నాడు.

మేనేజర్ గారి డ్యాష్‌బోర్డులో మాత్రం నిన్న కొత్త బగ్గులు సున్నా. అంతా పచ్చగా ఉంది. క్వాలిటీ బాగా పెరిగిందని మెచ్చుకుంటూ టీమ్ మొత్తానికి మెయిల్ పెట్టారు.

ఇట్లు,
నీ రిపోర్టర్