సవరణ: ‘ఘరానా మొగుడు’ మూలం తమిళం కాదు

మొన్న చూసిన పాత సినిమాల గురించి రాస్తూ, చిరంజీవి ‘ఘరానా మొగుడు’ రజనీకాంత్ ‘మన్నన్’కి రీమేక్ అన్నాను. అది తప్పు. రెండూ 1992లోనే వచ్చాయి, ‘మన్నన్’ కాస్త ముందు. కానీ రెండింటికీ మూలం 1986లో రాజ్‌కుమార్ చేసిన కన్నడ సినిమా ‘అనురాగ అరళితు’.

కూకట్‌పల్లిలో మా పక్క ఫ్లాట్ కన్నడ ఆంటీ నా పోస్టు చదివి, ‘అది మా రాజ్‌కుమార్ సినిమా కదయ్యా’ అని నవ్వారు. పాత సినిమా వ్యాసాలు తిరగేస్తే ఆవిడ మాటే నిజం. ‘మన్నన్’లో విజయశాంతిని చూసి అదే అసలనుకుని, సరిచూసుకోకుండా రాసేశాను.

రీమేక్ అని తక్కువ చేశానని కొందరనుకున్నారు. లేదండీ, నాకు చిరంజీవి వెర్షనే ఇష్టం. నగ్మా పాత్ర పొగరు కాస్త ఎక్కువైందన్న మాట మాత్రం మార్చను.