ఆడవాళ్లకు జీతం తక్కువైతే కంపెనీలు వాళ్లనే పెట్టుకునేవి కదా: ఈ వాదనకు జవాబు

“ఒకే పనికి స్త్రీకి తక్కువ జీతం ఇస్తే సరిపోయేటట్లయితే, లాభం కోసం నడిచే ప్రతి కంపెనీ మగవాళ్లను తీసేసి ఆడవాళ్లనే పెట్టుకునేది. అలా జరగడం లేదు కాబట్టి వేతన వివక్ష కట్టుకథ. సమాన వేతన చట్టాలు ఎప్పుడో వచ్చాయి. ఇంకా తేడా ఉందంటే వాళ్లు జీతం పెంచమని అడగరు, తేలిక ఉద్యోగాలు కోరుకుంటారు.” ఏళ్లుగా ఒక ఫోను నుంచి మరో ఫోనుకు తిరుగుతున్న వాదన ఇది. వినగానే తర్కబద్ధంగా తోస్తుంది, అందుకే జవాబు చెప్పకుండా వదిలేయకూడదు.

ముందు ఒక స్పష్టత. స్త్రీల సంపాదన పురుషుల కంటే ప్రపంచవ్యాప్తంగా సుమారు 20 శాతం తక్కువని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెబుతోంది. ఇది అందరి సగటుల మధ్య తేడా. పక్కపక్కన కూర్చుని ఒకే పని చేసే ఇద్దరి మధ్య తేడా అంత ఉండకపోవచ్చు. సమానత్వం కోరేవాళ్లు ఈ రెంటినీ కలిపేయకూడదు. అయితే సగటుకు కారణాలు ఉన్నాయంటే ఆ కారణాలు న్యాయమైనవని కాదు.

ఇక “కంపెనీలు ఆడవాళ్లనే పెట్టుకునేవి” అన్న మాట. ఆమె పని అతని పనితో సమానమని యజమానికి తెలిసి ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. వివక్ష అంటేనే ఆ సమానత్వం కంటికి కనిపించకపోవడం. 2012లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ప్రయోగశాల మేనేజర్ ఉద్యోగానికి వచ్చిన ఒకే దరఖాస్తును కొందరు సైన్స్ ఆచార్యులకు జాన్ పేరుతో, మరికొందరికి జెన్నిఫర్ పేరుతో పంపారు. పేరు తప్ప ఒక్క అక్షరం తేడా లేదు. జెన్నిఫర్‌కు సామర్థ్యం తక్కువని వాళ్లు తేల్చారు. జాన్‌కు ఏడాదికి 30 వేల డాలర్లకు పైగా ఇవ్వవచ్చన్నవారు ఆమెకు 26,500 దగ్గరే ఆగిపోయారు. మహిళా ఆచార్యుల అంచనా కూడా అలాగే ఉంది. ఆమె విలువే తక్కువని నమ్మినవాడికి, తక్కువ జీతానికి సమర్థురాలు దొరికిందన్న ఆలోచన ఎలా వస్తుంది?

అసలు ఈ వాదన మరచిపోతున్న సంగతి మరొకటి ఉంది. స్త్రీలను చవకగా పెట్టుకోవడం చరిత్రలో జరగనిది కాదు. మొత్తం ఫ్యాక్టరీలో కాదు, విడిగా గీసిన ఒక గడిలో జరిగింది. బ్రిటన్‌లోని డాగెన్‌హామ్ ఫోర్డ్ కర్మాగారంలో కారు సీట్ల కవర్లు కుట్టింది మహిళలే. ఆ కుట్టుపనిని నైపుణ్యం తక్కువ శ్రేణిలో వేసి, ఆ శ్రేణిలో మగవాళ్లకిచ్చే వేతనంలో 85 శాతమే వాళ్లకిచ్చారు. 1968లో వాళ్లు సమ్మెకు దిగితే సీట్లు లేక కార్ల ఉత్పత్తే ఆగిపోయింది. కార్లు ఆగేంత అవసరమైన పనిని అప్పటిదాకా తక్కువ నైపుణ్యం పని అన్నారు! ఆ సమ్మె 1970 నాటి సమాన వేతన చట్టానికి దారి తీసింది. కానీ వాళ్ల పనిని పై శ్రేణిలోకి మార్చింది 1984లో, మరో సమ్మె తరువాతే.

చట్టం ఉంది కదా అనేవాళ్లు లిల్లీ లెడ్‌బెటర్ కేసు చూడాలి. అమెరికాలో సమాన వేతన చట్టం 1963లో వచ్చింది. ఆమె 1979 నుంచి 1998 వరకు గుడ్‌ఇయర్ టైర్ల కర్మాగారంలో సూపర్‌వైజర్‌గా పనిచేశారు. అదే హోదాలోని మగవాళ్లందరికంటే తన జీతం తక్కువని ఉద్యోగం చివర్లో ఎవరో రాసి పెట్టిన పేరులేని చీటీ చూసేదాకా ఆమెకు తెలియదు. వేతన నిర్ణయం జరిగిన 180 రోజుల్లో ఫిర్యాదు చేయలేదు కనుక కేసు చెల్లదని 2007లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు చెప్పింది. తెలియని అన్యాయం మీద గడువులోగా ఎలా ఫిర్యాదు చేస్తారు? 2009లో ఆమె పేరుతోనే కొత్త చట్టం తెచ్చి దీన్ని సరిదిద్దారు. పక్కవాడి జీతం రహస్యంగా ఉన్నంతకాలం చట్టం కాగితం మీదే ఉంటుంది.

“అడగరు” అన్న మాటకు ఎక్కువ జవాబు అక్కరలేదు. ఆస్ట్రేలియా ఉద్యోగుల సమాచారంతో 2018లో వెలువడిన పరిశోధనలో, ఒకే తరహా ఉద్యోగాల్లోని స్త్రీలు పురుషులతో సమానంగానే పెంపు అడిగారని తేలింది. అడిగిన మగవాళ్లలో 20 శాతం మందికి పెంపు దొరికితే, స్త్రీలలో 15 శాతం మందికే దొరికింది.

చివరిది, “వాళ్లు కోరుకున్నదే” అన్న మాట. తక్కువ జీతం ఉన్న రంగాల్లోకి స్త్రీలు వెళతారంటారు. కానీ 1950 నుంచి 2000 వరకు అమెరికా జనగణన లెక్కలు పరిశీలించినవారికి ఎదురు దిశ కూడా కనిపించింది: ఒక వృత్తిలో స్త్రీల వాటా పెరిగాక, చదువు వంటి తేడాలను లెక్కలోంచి తీసేసినా, ఆ వృత్తిలో జీతాలు తగ్గాయి. ఇక అతి పెద్ద తేడా మొదటి బిడ్డతో మొదలవుతుంది. డెన్మార్క్‌లో బిడ్డ పుట్టే దాకా స్త్రీపురుషుల సంపాదనలు దాదాపు ఒకే దారిలో సాగుతాయి. ఆ తరువాత తల్లి సంపాదన పడిపోయి, దీర్ఘకాలంలో కూడా సుమారు 20 శాతం వెనకే ఉండిపోతుంది. తండ్రి సంపాదన మీద దాదాపు ఏ ప్రభావమూ ఉండదు. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన క్లాడియా గోల్డిన్ చూపించింది కూడా ఇదే. నేటి వ్యత్యాసంలో ఎక్కువ భాగం వేర్వేరు వృత్తుల మధ్య కాదు, ఒకే వృత్తి లోపల ఉంది. ఏ వేళలో పిలిచినా పలికేవారికి కొన్ని ఉద్యోగాలు పనిగంటల లెక్కకు మించి చెల్లిస్తాయి. ఇంట్లో పిల్లల భారం ఒకరి మీదే పడితే, అలా పలకగలిగేది రెండోవారే.

దీన్ని ఇష్టం అనేవాళ్లు నార్వే అనుభవం గమనించాలి. అక్కడ పిల్లల కోసం సెలవు తీసుకునే హక్కు తండ్రులకు అంతకుముందే ఉన్నా, వాడుకున్నవారు చాలా కొద్దిమంది. 1993లో నాలుగు వారాలను తండ్రికే కేటాయించి, అతను వాడుకోకపోతే ఆ సెలవు పోతుందని నిబంధన పెట్టారు. కొన్నేళ్లలోనే తండ్రుల్లో అత్యధికులు సెలవు తీసుకోవడం మొదలుపెట్టారు.